నా బిడ్డ పట్టిన ఒక్కపొద్దులు

చిట్టీ, నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఇరవై ఆరు రోజులు. పిలిస్తే పలకవని తెలుసు. అయినా పొద్దున లేవగానే నోటికి ముందు నీ పేరే వస్తోంది.

చదివేవాళ్ళకు చెప్పాలి కదా. చిట్టి అంటే మా బిడ్డ. మాకు ఒక్కతే. ఇరవై ఒక్క ఏళ్ళు. దూరం పరుగులు పరుగెత్తేది. గ్రౌండు చుట్టూ ఇరవై ఐదు రౌండ్లు తిరిగే పరుగు ఉంటుంది, అది ఆమె పరుగు. ఆ సోమవారం పొద్దున ప్రాక్టీసు చేసి ఇంటికి వచ్చింది. నల్లా కింద బకెట్ పెట్టి నిలబడి, నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. నేను అప్పటికే డ్యూటీకి పోయాను. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తాను. బియ్యం కడుగుతుంటే పక్కింటి టీచరమ్మ ఫోన్ చేసింది.

"వదినా, మీరు వెంటనే వచ్చేయండి. అమ్మాయి లేవట్లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను" అంది.

నేను చేతులు కూడా తుడుచుకోలేదు. దవాఖానాకు చేరేసరికి అంతా అయిపోయింది. డాక్టరమ్మ చిన్న వయసుది, మా బిడ్డ కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. "ఒంట్లో ఉండాల్సిన ఉప్పులు లేవమ్మా. గుండె ఆగిపోయింది. ఎన్నాళ్ళ నుంచి తినటం లేదు?" అని అడిగింది.

"నా బిడ్డ తినకపోవుడేంది మేడం? నేను వంట మనిషిని" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది. రోజూ రెండు వందల మందికి వండి పెడతాను. ఎవరికి అన్నం చాలలేదో, ఎవరికి కూర ఎక్కలేదో ముఖం చూసి చెప్పేస్తాను. నా ఇంట్లో ఒక్క ముఖం చూడలేకపోయాను.

నేను అయిదో తరగతి వరకే చదివాను. ఇది రాయమన్నది మా బిడ్డ కోచ్ సార్. గ్రౌండుకు వచ్చే పిల్లలంతా కలిసి ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. "ఆశ, పట్టుదల ఉంటే ఎంత దూరమైనా పోవచ్చని మీ బిడ్డను సూసి అందరు నేర్చుకోవాలె. అది రాయుండ్రమ్మా, పిల్లలకు ధైర్నం వస్తది" అన్నాడు. సరే అన్నాను. ఆయన అడిగింది రాస్తాను. ఆయన అడగనిది కూడా రాస్తాను.

మా బిడ్డ మొదటి పరుగు నేను చూశాను. ఎనిమిదో తరగతిలో ఉంది. స్కూల్ గ్రౌండులో ముగ్గుతో గీతలు గీశారు. కాళ్ళకు రోజూ తొడుక్కునే నల్ల బూట్లే. చివరగా వచ్చింది అంటే కొంచెం వెనక అని కాదు. గెలిచిన పిల్లలు స్టేజీ ఎక్కి ప్రైజులు తీసుకుంటున్నారు, ఈమె ఒక్కతే గ్రౌండు చుట్టూ తిరుగుతోంది. గోడ మీద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వుతున్నారు. నాకు సిగ్గయింది. అడ్డం పోయి చెయ్యి పట్టుకున్నాను.

"ఇగ సాలు రావే. అందరియి అయిపోయినయి."

"వాళ్ళయి అయినయి. నాయి ఇంక రెండు రౌండ్లు ఉన్నయమ్మా. ఇడువు."

విడిపించుకుని పోయింది. రెండు రౌండ్లూ తిరిగే వచ్చింది. ప్రైజులు ఇవ్వటానికి వచ్చిన ఒకాయన అది చూసి స్టేజీ దిగి మా దగ్గరకు వచ్చాడు. ఆయనే కోచ్ సార్. "ముందర ఉరికేటోళ్ళు మస్తుమంది దొరుకుతరమ్మా. ఎనక వడ్డంక గూడ ఉరికేటోళ్ళు దొరకరు. రేపటి సంది పంపుండ్రి" అన్నాడు.

మొదట్లో వాళ్ళ నాయన సైకిల్ మీద వెంట పోయేవాడు, కుక్కల భయానికి. నాచారం నుండి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా పోయి రావాలి. మొదటి రోజు సగం దూరం కూడా పోలేక కూలబడింది. ఎక్కడ ఆగిందో అక్కడి కరెంటు స్తంభానికి సుద్దముక్కతో గీత పెట్టి వచ్చింది. మరునాడు దాని పక్క స్తంభం దాకా పోయింది. ఆ మరునాడు ఇంకొకటి. రోజుకు ఒక్క స్తంభం. వాన పడి గీతలు పోతే మళ్ళీ పెట్టుకుంది. ఒక పొద్దున వాళ్ళ నాయన సైకిల్ గోడకు ఆనించి గడపలో కూర్చుండిపోయాడు. "ఏమైంది?" అంటే, "సైకిల్ మీద ఉన్న నాకు దమ్మొచ్చింది గని ఉరికేదానికి రాలే. రేపటి సంది నేను పోనే పోను" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. లేత్ మిషన్ మీద పని చేసి చేసి ఆయన ఎప్పుడో గాని నవ్వడు.

అట్లా ఏళ్ళు గడిచాయి. చివర వచ్చిన పిల్ల మధ్యకు వచ్చింది, మధ్య నుండి ముందుకు వచ్చింది. కోచ్ సార్ రాయమన్నది ఇదే, ఇది అబద్ధం కాదు. మా బిడ్డకు కాళ్ళు పొడుగు కావు. ఒంట్లో పెద్ద బలమూ లేదు. మా రెండు వైపులా పరుగెత్తినవాళ్ళు ఎవరూ లేరు. నిన్నటి కన్నా ఇవ్వాళ ఒక్క స్తంభం ముందుకు పోవాలని మాత్రం ఉండేది. దాంతోనే వచ్చింది అంత దూరం.

తెలంగాణ లొల్లి జరిగే రోజుల్లో బందులంటే ఆమెకు పండుగ. లారీలు ఉండవు కదా, వరంగల్ రోడ్డు మీద అన్నోజిగూడ దాకా పోయి వచ్చేది. ఒకసారి రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నవాళ్ళు ఆపారట.

"ఏయ్ చెల్లె, ఇయ్యాల బందున్నది. ఉరుకుడు గూడ బందే!"

"నేను బండి గాదన్నా, ఆపనీకి!"

వాళ్ళు నవ్వి కూర్చోబెట్టి అన్నం పెట్టారట. ఇంటికి వచ్చి "రెండు ఇస్తర్లు తిన్ననమ్మా, నీ సాంబారు కన్నా మంచిగున్నది" అని నన్ను ఏడిపించింది. ఆ రోజుల్లో అట్లా తినేది. ఆ సంగతి నేను మరిచిపోకూడదు. ఆకలి లేని పిల్ల కాదు నా బిడ్డ.

కొత్త రాష్ట్రం వస్తుందని తేలిపోయాక ఆమెకు ఒక ఆశ పుట్టింది. "కొత్త రాష్ట్రానికి కొత్త టీమ్ ఉంటదమ్మా. మొట్టమొదటి టీముల నేనుండాలె. రెండోసారి ఎవరన్న పోతరు, మొదటిసారి ఒక్కటేసారి ఉంటది. బనియన్ ఎనక తెలంగాణ అని రాసి ఉంటది, నువ్వు టీవీల సూస్తవు" అనేది. కంచం ముందు కూర్చున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. నాకు టీములు తెలియవు, సెలెక్షన్లు తెలియవు. ఆమె కళ్ళలో చూసి నేనూ ఆశ పడ్డాను.

అప్పట్లోనే ఒకరోజు గ్రౌండులో కోచ్ సార్ అన్నాడట, "ఇంక రెండు కిలోలు తగ్గితే నీ టైము గూడ జర తగ్గుతది" అని. ఆయన చెడ్డగా అనలేదు. రెండు కిలోలే అన్నాడు. కానీ మా బిడ్డకు ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పలేదు. ఆగకపోవటమే అందరం నేర్పాము.

ఒక్కపొద్దు అంటే అందరికీ తెలుసు. దేవుడి పేరు మీద పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దుగూకినాక ఒక్క పూట తింటాము. నాకు పెళ్ళికి ముందు నుండీ శనివారం ఒక్కపొద్దు. ఒక శనివారం మా బిడ్డ "నేను గూడ ఉంటనమ్మా, సెలెక్షన్ కోసం మొక్కుకున్న" అంది. నాకు సంతోషమైంది. తర్వాత శివుడికని సోమవారం పట్టింది. ఆ తర్వాత బాబాకని గురువారం. క్యాంటీన్‌లో ఉల్లిగడ్డలు కోస్తూ తోటి ఆడవాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను. "ఈ కాలపు పిల్లలు దండం పెట్టనీకే బద్దకిస్తరు, నా బిడ్డ సూడుండ్రి, వారంల మూడు దినాలు ఒక్కపొద్దు" అని. వాళ్ళు "అదృష్టవంతురాలివే" అన్నారు. అవునని తల ఊపాను.

ఒక్కపొద్దు అనే మాట మా ఇంట్లో ఎంత పెద్దదంటే, ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఎందుకు తినలేదని అడగటం తప్పు. బలవంతంగా పెట్టటం పాపం. ఆ సంగతి మా బిడ్డకు పసితనం నుండీ తెలుసు. నన్ను చూసే తెలుసు.

ఆ ఏడు శివరాత్రికి కీసర గుట్ట మీది శివుడి గుడికి పోయాము. నేను బస్సులో, ఆమె పరుగున. మల్లాపూర్ మీదుగా పోతే దమ్మాయిగూడ దగ్గరే బస్సు ఇరుక్కుపోయింది, అంత జనం. కిటికీలో నుండి చూస్తే మా బిడ్డ జనాన్ని తప్పించుకుంటూ వస్తోంది.

"చిట్టీ! ఎండైతుంది, బస్సెక్కు రా!" అని అరిచాను.

"బస్సు మెల్లగ పోతుందమ్మా!" అని నవ్వి ముందుకు పోయింది.

బస్సంతా ఒకటే నవ్వు. పక్కన కూర్చున్న ముసలామె "ఎవలు బిడ్డా గామె, జింకపిల్ల లెక్క?" అంది.

"నా బిడ్డే."

"ఉపాసమా?"

"నీళ్ళు గూడ ముట్టలేదవ్వా."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉందో నాకు ఇప్పుడు వినిపిస్తోంది. నేను గుట్ట ఎక్కేసరికి ఆమె మెట్ల పక్కన గోడకు ఒరిగి కూర్చుని ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. ముఖంలో ఏదో వెలుగు కనిపించింది నాకు. భక్తి అనుకున్నాను. చేతులెత్తి దండం పెట్టాను, నా బిడ్డకే పెట్టినట్టు. అక్కడే అరటిపండు ఒలిచి నోట్లో పెట్టాల్సిన తల్లిని, దండం పెట్టాను.

ఇది మంచిది కాదని నాకు చెప్పిన మనిషి ఒకామె ఉంది. పక్కింటి టీచరమ్మ. వాళ్ళది భీమవరం వైపు. వాళ్ళాయన ఏదో ఆఫీసులో క్లర్కు, ఈమె ప్రైవేటు స్కూల్లో చెప్తుంది. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ దగ్గరకు వచ్చింది.

"వదినా, ఏమీ అనుకోకండి. అమ్మాయి చెయ్యి చూశారా? గాజు మోచేతి దాకా జారుతోంది. పరిగెత్తే పిల్లకి అన్నేసి ఉపవాసాలు ఎందుకండీ? కాస్త మానిపించండి."

అప్పటి రోజులు ఎట్లా ఉండేవో గుర్తుందా? ఎవరు ఏం మాట్లాడినా ఏ వైపు వాళ్ళు మాట్లాడుతున్నారని ముందు చూసేవాళ్ళము. నాకు ఆమె మాట వినపడలేదు, యాస వినపడింది.

"మా ఒక్కపొద్దులు గూడ మీకు బరువైనయా టీచరమ్మా? మా మాటను నవ్వుడు అయిపోయింది, మా తిండిని నవ్వుడు అయిపోయింది. ఇగ మా దేవుండ్ల మీద వడ్డరా?"

"అయ్యయ్యో, నేను ఆ ఉద్దేశంతో అన్లేదండీ..."

"ఏ ఉద్దేశమో మాకెరుకనే. మా బిడ్డను మేం సూసుకుంటం."

బకెట్ ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. గెలిచినట్టు అనిపించింది. లోపల మా బిడ్డ అంతా విన్నది. "మంచిగ చెప్పినవమ్మా" అంది. ఆ రోజు నుండి అయిదు నెలలు టీచరమ్మతో మాట్లాడలేదు. అయినా నల్లా దగ్గర పడిపోయిన పిల్లను ఎత్తుకున్నది ఆమే. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని పోయింది ఆమే.

ఇంకా చూసినవి ఉన్నాయి, చూసి వదిలేసినవి. మా ఇంట్లో నెలసరి వచ్చిన నాలుగు రోజులు దీపం ముట్టరు. మా బిడ్డ నాలుగు నెలలు ఒక్క రోజు కూడా విడవకుండా దీపం పెట్టింది. అడిగితే "ఉరికేటోళ్ళకు గట్లనే ఉంటదమ్మా, అందరికీ గంతే" అంది. సెలెక్షన్ ముందు అడ్డం లేకుండా అమ్మవారే చూస్తోంది అనుకున్నాను. పాదంలో ఎముక చిట్లిందని కోచ్ సార్ నెలన్నర పరుగు మానిపించాడు. ఆయనకు కనపడకుండా ఉప్పల్ భగాయత్ మట్టిబాటలో కుంటుకుంటూ పరుగెత్తింది. అది తెలిసి నేను తిట్టలేదు. "ఏం మొండిదో" అని మురిసిపోయాను.

ఆమె పోయిన మూడో రోజు గ్రౌండు పిల్లలు ఇంటికి వచ్చారు. అయిదుగురు ఆడపిల్లలు, వాళ్ళ వెనక కోచ్ సార్. అందరికన్నా చిన్న పిల్ల ఏడుస్తూ అంది, "ఆంటీ, మీ పులిహోర మస్తుంటుండె."

"నువ్వెప్పుడు తిన్నవు బిడ్డా?"

"అక్క పెడుతుండె కదా. మీ దొండకాయ ఏపుడు గూడ. మీ పప్పుచారు గూడ."

ఇంకో పిల్ల అంది, "తెచ్చిన డబ్బ మాకే ఇస్తుండె ఆంటీ. తను ఒక్కపొద్దున్న అంటుండె."

"ఏ రోజు?" అని అడిగాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగళవారం అని ఒకరన్నారు. బుధవారం కూడా అని ఇంకొకరు. శుక్రవారం కూడా అంది చిన్న పిల్ల.

అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో సోమవారం, గురువారం, శనివారం. గ్రౌండులో మంగళవారం, బుధవారం, శుక్రవారం. మా ముందు మూడు ఒక్కపొద్దులు, వాళ్ళ ముందు మూడు. ఇంట్లోవాళ్ళం గ్రౌండులో తిన్నదనుకున్నాము, గ్రౌండువాళ్ళు ఇంట్లో తింటుంది అనుకున్నారు. పొద్దుగూకినాక మా ఎదురుగా తినేది కూడా సగం అరటిపండు, గుక్కెడు పాలు. ఒక్క ఆదివారం మాత్రం వాళ్ళ నాయన పక్కన కూర్చుని కోడికూర అన్నం తినేది. ఆ ఒక్క పూట చూసి మేము వారమంతా నిమ్మళంగా ఉన్నాము. రోజుకు ఒక్క స్తంభం ముందుకు పోయినట్టే ఒక్కొక్క పూట వదులుకుంటూ పోయింది. అదే పట్టుదల. వేరేది కాదు.

కోచ్ సార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "రెండు కిలోలన్నది నేనే అమ్మా" అన్నాడు. ఆయనను తిట్టమని మా ఆయన నా వైపు చూశాడు. ఒక్కపొద్దు నేర్పింది నేను. డబ్బా కట్టింది నేను. ఖాళీ డబ్బా తెచ్చిస్తే కడిగి బోర్లించింది నేను. చెప్పవచ్చిన మనిషిని తరిమింది నేను. ఎవరిని తిట్టాలి?

పదకొండు రోజులు టీచరమ్మ మా ఇంటికి అన్నం తెచ్చింది. మొదటి రోజు నేను తల ఎత్తలేదు. ఆమె ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టి, "తప్పంతా మీదే అనుకోకండి వదినా. నేను ఇంకోసారి చెప్పాల్సింది. మీరు కసిరారని ఊరుకున్నాను" అంది.

మళ్ళీ క్యాంటీన్‌కు పోతున్నాను. ఇంట్లో ఉండలేను. గంజి వార్చేటప్పుడు ఆవిరి ముఖానికి కొడుతుంది, అప్పుడు ఏడ్చినా ఎవరికీ తెలియదు. ఒక్కపొద్దు మానేశాను. దేవుడి మీద కోపం కాదు. ఆ మాట నోటితో అనలేకపోతున్నాను.

మొన్న సెలెక్షన్ జరిగింది. కొత్త రాష్ట్రం మొదటి టీమ్ కోసం. మా ఆయన వద్దన్నా పోయాను. పెరుగన్నం కలిపి డబ్బా తీసుకుని పోయాను, ఎందుకో నాకే తెలియదు. ఇరవై ఐదు రౌండ్ల పరుగుకు ఎనిమిది మంది పిల్లలు నిలబడ్డారు. అందరూ కాళ్ళ వైపు చూస్తున్నారు. నేను చేతులు చూశాను. మణికట్లు, మెడ ఎముకలు, చెంపలు చూశాను. ఎవరు ముందు వచ్చారో నాకు తెలియదు.

పరుగు అయ్యాక ఒక పిల్ల తాడు పక్కన మోకాళ్ళ మీద వంగి ఉంది. వీపు మీద ఎముకలు బనియన్‌లో నుండి కనబడుతున్నాయి. పోయి డబ్బా మూత తీశాను. "జర తిను బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నేనెవరో ఎరగదు. నవ్వి, "తర్వాత తింటా ఆంటీ" అని బూట్లు చేతిలో పట్టుకుని పోయింది. మైకు బంద్ చేశారు. తాళ్ళు చుట్టేశారు. గ్రౌండు ఖాళీ అయ్యేదాకా నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆశ పెట్టుకోండి, ఉరకండి, ముందుకు పోండి. వద్దని నేను ఎట్లా అంటాను? కానీ పొద్దున ఇది చదువుతుంటే, పక్కన పెట్టి లేచి ముందు అన్నం తినండి. కడుపు నిండా తినండి.